మామగారి పాత రైఫిల్: ఎంత చేస్తుంది, అమ్మాలా, ఉంచాలా?

ప్రశ్న: మా మామగారు పోయాక ఆయన బీరువాలో ఒక పాత సైనిక రైఫిల్ మిగిలింది. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది. చేతిపట్టు దగ్గర ఇనుము మీద కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్., ఎన్‌ఫీల్డ్, 1917, ఇంకా కొన్ని అక్షరాలు ఉన్నాయి. నెట్‌లో ‘1917 ఎన్‌ఫీల్డ్’ అని వెతికితే మంచి ధరలే కనిపించాయి. ఒక వ్యాపారి మాత్రం ఫొటో చూసి అందులో సగం కూడా చెప్పలేదు, కానీ వెంటనే నగదు ఇస్తానంటున్నాడు. మా ఆడపడుచుకు సగం వాటా ఇవ్వాలి. పాలిష్ పెట్టిస్తే రేటు పెరుగుతుందని మా వారు అంటున్నారు. పదేళ్లు ఉంచితే రిటైర్మెంట్‌కి పనికొస్తుందని ఇంకొకరి మాట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, డబ్బు సంగతి కన్నా ముందు లైసెన్సు సంగతి చూడండి. లైసెన్సు ఇచ్చేది మనిషికి. ఆ మనిషి పోయాక తుపాకీ మిగతా ఆస్తిలా దానంతటదే వారసుల చేతికి రాదు. మీరు ఉంటున్న చోటి అధికారులకు తెలియజేసి, తాత్కాలికంగా ఎవరి దగ్గర ఉంచాలో కనుక్కోండి. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర భద్రపరిచే వీలుంటే అదే మేలు. అప్పటిదాకా దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లకండి. లోపల తూటా లేదని తెలిసినవాళ్లు చూసి చెప్పేదాకా ఉన్నట్టే లెక్క. బోల్టును (తూటాను లోపలికి నెట్టి మూసే, పిడి ఉన్న ఇనుప కడ్డీని) మీరు లాగి చూడొద్దు. ఈ పని పూర్తవకుండా అమ్మితే వచ్చే డబ్బు కన్నా వచ్చే చిక్కులు పెద్దవి.

ఇక మీకు కనిపించిన ధరల గురించి. ‘1917 ఎన్‌ఫీల్డ్’ అని వెతికితే వచ్చేవాటిలో చాలా మటుకు అమెరికాలో వించెస్టర్, రెమింగ్టన్, ఎడ్డీస్టోన్ ఫ్యాక్టరీల్లో తయారైన ‘మోడల్ 1917’ రైఫిళ్లు. అది వేరే డిజైన్, వేరే తూటా. మీ దగ్గరున్నది ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో 1917లో తయారైన ‘షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్’ అయ్యే అవకాశమే ఎక్కువ. జి.ఆర్. అంటే అప్పటి రాజు ఐదో జార్జి ముద్ర. అంటే మీరు ఇంతవరకూ పోల్చుకున్నది వేరే వస్తువు ధరతో. ఆ వ్యాపారి చెప్పింది తక్కువో సబబో ఇంకా ఎవరూ చెప్పలేరు.

అదే ఇనుప పట్టీ మీద, సంవత్సరం కింద ఇంకో వరుస ఉంటుంది. టార్చి వేసి, ముట్టుకోకుండా, దగ్గరి నుంచి ఫొటో తీయండి. అక్కడ మూడు అని రోమన్ అంకె, పక్కన చిన్న నక్షత్రం ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో తయారీని తేలిక చేసిన రకం. 1907 నాటి అసలు డిజైన్‌లో తూటాలను ఒక్కొక్కటిగా పెట్టి కాల్చడానికి మ్యాగజైన్‌ను (తూటాలు నింపి ఉంచే పెట్టెను) మూసే పలక, చాలా దూరం గురి చూసే అదనపు సైట్లు ఉండేవి. యుద్ధంలో లక్షల కొద్దీ కావాల్సొచ్చేసరికి వాటిని తీసేశారు. నక్షత్రం ఉన్నవి విపరీతంగా తయారయ్యాయి. అందుకే ‘వందేళ్ల నాటిది’ అన్న ఒక్క మాటకు ఈ మార్కెట్‌లో పెద్దగా విలువ లేదు.

విలువ ఉన్నది నంబర్లలో. ఈ రైఫిల్‌కు ఒకే సీరియల్ నంబరును చాలా భాగాల మీద కొట్టేవారు: బోల్టు పిడి వెనక, బోల్టు కదిలే ఇనుప భాగం ముందు, గొట్టం మొదట్లో, వెనక సైటు పలక అడుగున, గొట్టం చివరి ఇనుప టోపీ మీద, ముందు చెక్క మీద. ఇవన్నీ కలిస్తే పాత ఆయుధాలు సేకరించేవాళ్లు ‘మ్యాచింగ్’ అంటారు, ఎక్కువ పెడతారు. బోల్టు ఒక్కటి తేడాగా ఉన్నా ధర దిగుతుంది. పాత నంబరు కొట్టేసి కొత్తది కొట్టారా అన్నది కూడా చూస్తారు, ఎందుకంటే సైన్యాల మరమ్మతు డిపోల్లో అలా చేయడం మామూలే.

తర్వాత చూసేది చెక్క. ముందు చెక్క గొట్టం చివరిదాకా వచ్చి ఇనుప టోపీతో ముగిస్తే సైనిక రూపం చెడలేదన్నమాట. యుద్ధాల తర్వాత మిగులుగా చవగ్గా అమ్మిన రైఫిళ్లను చాలామంది వేటకు వీలుగా చెక్క కోయించి, గొట్టం కురచ చేయించారు. అలాంటివాటికి సేకరించేవాళ్ల దగ్గర గిరాకీ బాగా తక్కువ. బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) కుడి పక్కన ఇత్తడి బిళ్ల ఉందేమో కూడా చూడండి. దాని మీద సైనిక దళం గుర్తు చెక్కి ఉంటే కొనేవాళ్లకు ఆసక్తి పెరుగుతుంది. ఎక్కడైనా డి.పి. అని కొట్టి ఉంటే మాత్రం అది కవాతు శిక్షణకు కేటాయించినది, కాల్చడానికి పనికిరానిది. గొట్టం లోపల తుప్పు గుంటలు ఎంత ఉన్నాయో మాత్రం లైసెన్సు ఉన్న గన్‌స్మిత్తే (తుపాకులు బాగుచేసేవాడే) చూడాలి. ఆ కాలపు తూటాల ప్రైమర్ (తూటా వెనక నిప్పు రాజేసే మందు) వదిలే ఉప్పు వల్ల, సరిగా కడగని గొట్టాలు లోపల దెబ్బతిని ఉంటాయి.

పాలిష్ విషయంలో మీ వారిని గట్టిగా ఆపండి. నేను ఇంత పట్టుబట్టి చెప్పే మాట ఈ జవాబులో ఇదొక్కటే. చెక్కను ఉప్పు కాగితంతో రుద్దితే దాని మీది తనిఖీ ముద్రలు పోతాయి. ఇనుముకు కొత్త నలుపు పెట్టిస్తే అక్షరాల అంచులు అరిగిపోతాయి. కొనేవాడు డబ్బు పెట్టేది ఆ ముద్రలకూ, ఆ పాత రంగుకే. పాత నాణేన్ని చింతపండుతో తోమి మెరిపిస్తే నాణేలు సేకరించేవాళ్లు పక్కన పెట్టేసినట్టే ఇదీనూ. తుప్పు పెరగకుండా ఇనుము మీద పల్చగా నూనె పూయడం వరకు చాలు, అది కూడా గన్‌స్మిత్ చేత.

మామగారి కాగితాలు కూడా వెతకండి. కొన్న రసీదు, పాత లైసెన్సు పుస్తకం, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాసిన ఉత్తరం, ఏది దొరికినా రైఫిల్‌తో పాటే ఉంచండి. కాగితం లేని కథకు ఎవరూ డబ్బివ్వరు, అది ఎంత నిజమైనా.

ఇప్పుడు వెల కట్టించడం. కొనేవాడే వెల కట్టకూడదు. రుసుము తీసుకుని రాతపూర్వకంగా ఇచ్చే, కొనుగోలుతో సంబంధం లేని మదింపుదారు కావాలి. వేలం సంస్థల్లో సైనిక ఆయుధాల విభాగం ఉన్నవాటినీ అడగవచ్చు. అడిగే ధరలను వదిలేసి, అదే రకం, అదే స్థితిలో ఉన్నవి నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. అందులోనూ ఒక మెలిక ఉంది. వేలంలో ఆఖరి పాట 100 దగ్గర ఆగిందనుకుందాం. కొన్నవాడు వేలం సంస్థకు ఇచ్చే అదనపు రుసుముతో (ప్రీమియంతో) కలిపి 120 కట్టాడు, అమ్మినవాడికి కమిషన్ పోగా 85 వచ్చింది. వేలం ఫలితాల్లో కొన్నిచోట్ల కనిపించేది ఆ 120. మీరు లెక్క వేసుకోవాల్సింది 85 మీద. ఇలా చూసుకున్నాక ఆ వ్యాపారి మాట 85కు దగ్గరగా ఉంటే, టెన్షన్ లేకుండా అమ్ముడవుతుంది కాబట్టి అతనికే ఇవ్వడంలో తప్పేం లేదు.

మదింపు కాగితంలో మామగారు పోయిన తేదీ నాటి విలువ రాయమనండి. కొన్ని దేశాల్లో వారసత్వ పన్నుకు, తర్వాత అమ్మినప్పుడు లాభం లెక్కకు ఆ తేదీ విలువే ఆధారం. ఒకసారి మీ పన్ను సలహాదారుకు చూపించండి.

రిటైర్మెంట్ కోసం ఉంచడానికి నేను ఒప్పుకోను. దీనికి వడ్డీ రాదు, అద్దె రాదు. లైసెన్సు రుసుము, భద్రమైన బీరువా, బీమా, అన్నీ ఎదురు ఖర్చులే. ఇంటి బీమాలో ఆయుధాలకు విడిగా చిన్న పరిమితి ఉంటుందేమో పాలసీ చదవండి. అన్నిటికీ మించి, కొనగలిగేది లైసెన్సు ఉన్నవాళ్లే, చట్టం మారితే ఆ కొద్దిమందీ తగ్గుతారు. అవసరమైన రోజున అమ్ముడుపోతుందన్న భరోసా లేనిదాన్ని ముసలితనానికి ఆధారంగా పెట్టుకోకూడదు. జ్ఞాపకంగా ఉంచుకుంటామంటే అది వేరు, మంచి కారణమే. అప్పుడు దాన్ని ఆస్తుల పట్టికలో సున్నాగా రాసుకోండి.

మీ ఆడపడుచుతో ముందే మాట్లాడండి, మదింపుదారుని ఇద్దరూ కలిసి ఎంచుకోండి, రుసుము చెరి సగం పెట్టుకోండి. అమ్మితే ఖర్చులు పోగా వచ్చినదాంట్లో సగం. మీరే ఉంచుకుంటే ఆమెకు ఇవ్వాల్సింది నా లెక్కలో ఆ 85లో సగం, 120లో సగం కాదు. ఇద్దరూ ఒప్పుకున్నాక ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి, మదింపు ప్రతి దానికి జత చేయండి.