మత్తయి 24 జరిగిపోయిందా?

ప్రశ్న: మత్తయి 24లో దేవాలయ నాశనం, తన రాకడ, యుగాంతం గురించి యేసు చెప్పినవన్నీ క్రీ.శ. 70లోనే నెరవేరాయని మా బైబిల్ స్టడీలో ఒక అన్నయ్య అంటున్నారు. పాస్టర్ గారేమో అన్నీ ఇంకా రావాలంటారు. ఎవరిది నిజమండీ?

జవాబు: అన్నయ్య మాటలో చాలా నిజం ఉందమ్మా. ఈ తరం గతించకముందే ఇవన్నీ జరుగుతాయన్నాడు ప్రభువు, నలభై ఏళ్లు తిరిగేసరికి టైటస్ నడిపిన రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టింది, అక్కడి విశ్వాసులు ముందే యొర్దాను అవతల పెల్లా పట్టణానికి తరలిపోయారని తొలి సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు కూడా. ఇదంతా వదిలేసి ప్రతి యుద్ధానికీ అంత్యదినాల చార్టు గీయడం నాకు నచ్చదు. అలాగని పునరుత్థానం కూడా అయిపోయిందంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి, ఆ మాట బోధించిన హుమెనైయు, ఫిలేతులను పౌలు 2 తిమోతి 2లో పేర్లు పెట్టి మరీ ఖండించాడు. అన్నయ్య దేవాలయం దగ్గరే ఆగుతున్నారో, పునరుత్థానం గురించి చెప్పే 1 కొరింథీ 15 కూడా అయిపోయిందంటున్నారో ముందు అడగండి.