బడి మాన్పించామని ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు?

ప్రశ్న (సంక్షిప్తంగా): మా పాప ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి. ఏడాది ఫీజు 72 వేలు, నాలుగు టర్ములు. జూన్‌లో 18 వేలు కట్టి, మిగతా మూడు టర్ములకు సెప్టెంబరు 10, డిసెంబరు 10, ఫిబ్రవరి 10 తేదీలతో చెక్కులిచ్చాను. ఆగస్టులో టీచర్ పాపను క్లాసులో అందరి ముందూ అవమానించింది. పాప రాత్రిళ్లు నిద్రలో ఉలిక్కిపడుతోంది. అదే నెలలో నా ఉద్యోగం పోయింది. నెలాఖరు నుంచి పాపను పంపడం మానేశాం. ఆఫీసులో నోటితో చెప్పాను. సెప్టెంబరు 3న మా ఆవిడ క్లాస్ టీచర్‌కు వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టింది. ఇప్పుడు నవంబరులో, 54 వేలు కడితేనే టీసీ అంటున్నారు, లేదంటే బాకీ ఒప్పుకుంటూ సంతకం చేయమంటున్నారు. చెక్కులేవీ ఇంకా బ్యాంకులో వేయలేదు. స్టాప్ పేమెంట్ పెట్టేద్దామనుకుంటున్నాను. మానసిక క్షోభకు కేసు వేయొచ్చా?
- ఓ తండ్రి, ఆంధ్రప్రదేశ్

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది. దాన్నే మీరు తేలిగ్గా రాసి వదిలేశారు. అది సెప్టెంబరు 3 నాటి వాట్సాప్ మెసేజ్.

ఆఫీసులో ఎవరికి చెప్పారు? ఏ రోజు? రేపు ఆ ఎకౌంటెంటే ‘నాకేం చెప్పలేదు’ అంటే మీ దగ్గర జవాబు లేదు. హాజరు రిజిస్టరు వాళ్ల చేతిలో ఉంది. పేరు తీసేయకుండా రోజూ ఆబ్సెంట్ వేసుకుంటూ పోతే, రికార్డు ప్రకారం మీ పాప ఇప్పటికీ వాళ్ల విద్యార్థే. 72 వేల వ్యవహారంలో ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోలేకపోయారా?

ఆ మెసేజ్ ఒకసారి తీసి చదవండి. ‘పాపకు బాగాలేదు, కొన్నాళ్లు పంపం’ అని ఉంటే అది సెలవు చీటీ. ‘ఇక పంపం, టీసీ ఇవ్వండి’ అని ఉంటే బడి మానినట్టు నోటీసు. పైగా మొదటి చెక్కు తేదీకి వారం ముందే ఇచ్చిన నోటీసు. రెండోదే అయితే మీ పరిస్థితి మీరనుకున్న దానికంటే చాలా మెరుగు. కానీ స్క్రీన్‌షాట్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జత చేయాలి. మీ ఆవిడ ఫోన్‌ను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి, చాట్ చెరిపేయకండి.

ఇక ఒప్పందం. అడ్మిషన్ ఫారం నకలు అడిగి తీసుకోండి. మధ్యలో మానేస్తే ఏడాది ఫీజంతా కట్టాలని అందులో ఉన్నా బెంబేలెత్తక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 74 కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. మీ పాప సీటులో ఇంకొకరిని చేర్చుకుని ఉంటే వాళ్లకు నష్టమెక్కడిది? నెల నోటీసు నిబంధన ఉంటే మాత్రం ఆ ఒక్క నెలకు ఆరు వేలు ఇస్తామనడం తెలివైన పని.

చెక్కుల విషయంలో మీ ఆలోచన ప్రమాదకరం. స్టాప్ పేమెంట్ పెడితే చెక్ బౌన్స్ కేసు ఉండదని చాలామంది అనుకుంటారు. తప్పు. దానికీ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1998లోనే తేల్చింది. రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చెక్కు వేసేనాటికి బాకీయే లేదన్న వాదన మీకుంది. కానీ బాకీ ఉందనే చట్టం మొదట భావిస్తుంది, లేదని చూపించాల్సింది మీరే. అందుకే ముందు ఉత్తరం, తర్వాతే బ్యాంకు. చెక్కులు తిరిగివ్వాలని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ ఉత్తరం నకలు జతచేసి స్టాప్ పేమెంట్ పెట్టండి. ఖాతాలో సరిపడా డబ్బు మాత్రం ఉంచండి. అయినా బౌన్స్ నోటీసు వస్తే, ఆ డబ్బు కట్టడానికి అందిన రోజు నుంచి మీకుండేది 15 రోజులే. కవరు విప్పకుండా టీవీ మీద పెట్టే రకమైతే ఇప్పుడే చెప్పేయండి, వేరే లాయర్‌ను చూసుకోండి.

బాకీ ఒప్పుకునే కాగితం మీద సంతకం వద్దే వద్దు. ఫీజు బాకీ దావాకు గడువు మూడేళ్లు. మీరు సంతకం చేస్తే కాలపరిమితి చట్టం సెక్షన్ 18 ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. అంతకన్నా ముఖ్యం, సెప్టెంబరు 3 మెసేజ్‌కున్న విలువను మీరే పోగొట్టుకున్నట్టవుతుంది.

టీసీ కోసం పాపను రెండు నెలలకు పైగా ఇంట్లో కూర్చోబెట్టడమే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 5 ప్రకారం ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లలకు పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రాలేదని కొత్త బడి చేర్చుకోకుండా ఆపకూడదు. రేపే జిల్లా పరిషత్ హైస్కూలుకు తీసుకెళ్లి చేర్పించండి. ఇంకో ప్రైవేటు అన్‌ఎయిడెడ్ స్కూలుకైతే ఈ సెక్షన్ నేరుగా సాయపడదు. అప్పుడు మండల, జిల్లా విద్యాశాఖాధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫీజు వసూలుకు టీసీని సాధనంగా వాడకూడదని మద్రాసు హైకోర్టు 2024లో చెప్పింది. మన రాష్ట్రంలో అది తప్పనిసరి కాకపోయినా ఫిర్యాదులో ప్రస్తావించండి.

అవమానం సంగతి వేరే దారి. విద్యాహక్కు చట్టంలోనే సెక్షన్ 17 మానసిక వేధింపును నిషేధిస్తుంది. జిల్లా విద్యాశాఖాధికారికి గానీ, బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు గానీ ఫిర్యాదు చేయండి. దాన్ని ఫీజు లెక్కతో కలపకండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరో ఒకరు చెబుతారు. విద్య ‘సేవ’ కిందికి రాదని సుప్రీంకోర్టు 2010లో అన్నది, అక్కడ ఏడాది పోగొట్టుకోకండి. బేరం కుదిరేలా ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దావాకు ముందే రాజీకి పిటిషన్ పెట్టుకోవచ్చు.

ఉత్తరం కరస్పాండెంట్ పేరున స్పీడ్‌పోస్టులో పంపి, అందిన రుజువు దాచుకోండి. మానేసిన తేదీ, సెప్టెంబరు 3 మెసేజ్, చెక్కుల నంబర్లు, టీసీ కోరిక, ఈ నాలుగూ చాలు. కన్నీళ్లు వద్దు. అది డిసెంబరు 10కి బాగా ముందే వాళ్లకు చేరాలి. రెండో చెక్కు తేదీ అదే. చెక్కుకు మూడు నెలలే విలువ కాబట్టి, మొదటి చెక్కును బ్యాంకులో వేయడానికి వాళ్లకు మిగిలింది కూడా దాదాపు అప్పటివరకే.