అయిదేళ్ల పాపకి సంగీతం ఎలా నేర్పాలి? పాటంటే ప్రాణం, క్లాసంటే ఏడుపు

మీ పాప ఇంట్లో రోజంతా పాడుతూనే ఉంటుందని, సంగీతం క్లాసులో మాత్రం పది నిమిషాలకే ఏడుపు మొదలెడుతుందని రాశారు. ఆటలతో, కథలతో నేర్పితే నిజంగా వస్తుందా, లేక కాలక్షేపమేనా అని మీ అనుమానం. వస్తుందండీ. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకి పన్నెండేళ్లుగా పాట నేర్పుతున్నాను, ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. కదలకుండా కూర్చోమంటే ఆ వయసులో ఎవరికైనా ఏడుపే వస్తుంది. దాన్ని చూసి పాపకి సంగీతం మీద ఆసక్తి లేదనుకోకండి.

మొదటి రెండేళ్లు నేనూ తప్పుగానే నేర్పాను. స్వరాల పేర్లు ముందు బట్టీ పట్టించి, తర్వాత పాడించేదాన్ని. గడగడా అప్పజెప్పేవాళ్లు. నేను ఏదో ఒక స్వరం పాడి "ఇదేంటి?" అని అడిగితే మాత్రం నా మొహంలోకి చూసేవాళ్లు. నోటికి వచ్చింది గానీ చెవికి ఎక్కలేదు. 1892 నుంచి జెనీవాలో సంగీతం చెప్పిన డాల్‌క్రోజ్‌కి పెద్ద విద్యార్థులతోనే ఈ ఇబ్బంది ఎదురైంది. కాగితం మీద తాము రాసినది వాళ్లకి మనసులో వినపడేది కాదు. అందుకే ఆయన వాళ్లని లేపి నడిపించాడు, లయ ముందు ఒంటికి పట్టాలన్నాడు. అది చదివాక నా క్లాసులో చాపలు చుట్టి ఓ మూలన పెట్టేశాను.

ఇప్పుడు నా క్లాసు నడకతోనే మొదలవుతుంది. ఇంట్లో మీకు ఒక గిన్నె, ఒక గరిటె చాలు. చాలామంది "నా దెబ్బకి సరిగ్గా అడుగు వెయ్యి" అంటారు, అలా వద్దు. ముందు పాప తనకి తోచినట్టు నడవనివ్వండి, ఆ అడుగులకి మీరు వాయించండి. తను పరిగెడితే మీ దెబ్బలూ పరిగెత్తాలి. కాసేపటికి తన కాళ్లే మీ చేతిని నడిపిస్తున్నాయని కనిపెడుతుంది, ఇక ఆపమన్నా ఆపదు. అది అలవాటయ్యాక, మీరు వేగం కొద్దిగా మార్చి చూడండి. ఈసారి తనే మీ దెబ్బ కోసం వింటుంది. వాయించడం ఆగితే బొమ్మలా నిలబడిపోవాలి అని ఒక నియమం పెట్టండి. పాటలో నిశ్శబ్దానికీ లెక్క ఉంటుందని పిల్లలకి తెలిసేది అక్కడే.

కథల విషయానికొస్తే, నా దగ్గర ఒక చీమ ఉంది. అయిదు మెట్లెక్కి ఇంటికి పోతుంది. స్వరాల పేర్లు చెప్పను. ఒక్కో మెట్టుకి ఒక్కో స్వరం "ఊ" అంటూ పాడతాను, అంతే. ఒక నాలుగేళ్ల బాబు రెండు నెలలు నోరే విప్పలేదు. తలుపు పక్కన కూర్చుని చెప్పు పట్టీ తీస్తూ పెడుతూ ఉండేవాడు. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. ఒకరోజు నేను కావాలనే మూడో స్వరం వదిలేసి పాడాను. వాడు తల కూడా ఎత్తకుండా, "చీమ ఒక మెట్టు దాటేసింది, పడిపోతుంది" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు నెలలుగా ప్రతి స్వరమూ వింటూనే ఉన్నాడు! అప్పుడు చెప్పాను, ఆ మెట్టు పేరు "గ" అని. ఆ పేరు వాడు మళ్లీ మర్చిపోలేదు.

లయకి అన్నిటికంటే తేలిక పని, పిల్లల పేర్లే చప్పట్లు కొట్టించడం. "సీతా" అంటే రెండూ నిదానంగా, "కమల" అంటే మూడూ చకచకా. మన గురువు లఘువులే ఇవి. హంగేరీ సంగీతకారుడు కోడాయ్ పేరుతో సాగే పద్ధతిలోనూ నిదానపు దెబ్బకి "టా" అని, వేగపు జంటకి "టీటీ" అని నోటితో పలికిస్తారు. రాత చాలా తర్వాత. వాద్యాలు గుర్తుపట్టడానికి రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో చేసిన సంగీత కథ "పీటర్ అండ్ ది వుల్ఫ్" వినిపించండి. అందులో పిట్టకి ఫ్లూటు, తోడేలుకి మూడు హార్న్‌లు (ఊదే ఇత్తడి వాద్యాలు). రెండోసారి వింటున్నప్పుడే తోడేలు వస్తోందని పిల్లలు ముందే చెప్పేస్తారు.

శ్రుతి గురించి మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. పెద్దవాళ్లు తమకి హాయిగా ఉన్న శ్రుతిలో ఎత్తుకుంటారు, పిల్లలకి అది మరీ కింద. గొంతు అందక మాట్లాడినట్టు గొణుగుతారు, వెంటనే "వీడికి శ్రుతి లేదు" అని ముద్ర వేసేస్తారు. ఈ అన్యాయం ఎన్నిసార్లు చూశానో! కీబోర్డు ఉంటే, మధ్య సి (C) పక్కనున్న డి (D) నుంచి దాని పైనున్న ఏ (A) లోపల పాడించండి. చిన్న గొంతులకి అది హాయిగా ఉండే చోటు. నాన్నగారు నేర్పుతుంటే పాప అవే స్వరాలని ఒక స్థాయి పైన పాడుతుంది, సరిదిద్దకండి, అదే సరైనది.

ఇప్పుడు వెళ్తున్న క్లాసు సంగతి. పాపని నిలబడి, కదులుతూ పాడనిస్తారేమో టీచర్ని ఒకసారి నెమ్మదిగా అడగండి. కుదరదంటే ఏడాది మానిపించండి, ఆరేళ్లకి మొదలుపెట్టినా పోయేదేం లేదు. ఈలోగా ఇంట్లో రోజూ పది నిమిషాలు, అదీ తను "ఇంకోసారి" అంటుండగానే ఆపేయండి. వచ్చినవాళ్ల ముందు పాడి వినిపించమని మాత్రం అడగొద్దు. తనే వచ్చి పాడితే, చేస్తున్న పని ఆపి వినండి.