ముఖంలో కనిపించని ఇష్టం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది తిరుపతి. మా కోడలిది అమృత్‌సర్. బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చినప్పుడు మా అబ్బాయితో పరిచయమై, నిరుడు పెళ్ళి చేసుకున్నారు. సంతోషమొస్తే అందరినీ కౌగిలించుకుంటుంది, కోపమొస్తే అప్పటికప్పుడే చెప్పేస్తుంది. మావారు మితభాషి. ప్రమోషన్ వచ్చిందని ఆమె చెబితే ‘మంచిదమ్మా’ అని మళ్ళీ పేపరులో తల దూర్చారు. మామయ్యగారికి తానంటే ఇష్టం లేదని ఆ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంది. కానీ ఆమెకు పడదని కూరలో పులుపు తగ్గించమన్నదీ, రాత్రి ఆలస్యమైతే బండి తీసుకొని ఎదురెళ్ళేదీ ఆయనే. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి? (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, మనసులో ఉన్నదంతా ముఖం మీదికి రాదు; ఏది రావచ్చో, ఎవరి ముందు రావచ్చో చిన్ననాటి నుంచి ఇల్లూ ఊరూ మనకు నేర్పుతాయి. పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1969లో వీటినే ‘ప్రదర్శన నియమాలు’ అన్నారు. వారు జపాన్, అమెరికా విద్యార్థులకు చూడలేనంత బాధ కలిగించే సినిమా దృశ్యాలను చూపించినప్పుడు, ఒంటరిగా ఉన్నంతసేపూ ఇరువురి ముఖాలూ దాదాపు ఒకేలా ముడుచుకున్నాయి. పరిశోధకుడు పక్కన ఉన్నప్పుడు మాత్రం జపాన్ విద్యార్థులు ఆ ఏహ్యతను ఎక్కువగా చిరునవ్వుతో కప్పుకున్నారు. ఈ ప్రయోగంపై తరువాత విమర్శలు వచ్చిన మాట నిజమే గానీ, చూసేవారిని బట్టి ముఖం మారుతుందన్న విషయం ఇతర పరిశీలనల్లోనూ తేలింది. 1979లో రాబర్ట్ క్రాట్, రాబర్ట్ జాన్‌స్టన్ బౌలింగ్ (బంతిని దొర్లించి పిన్నులను పడగొట్టే ఆట) ఆటగాళ్ళను గమనించగా, బంతి పిన్నులకు బాగా తగిలిన క్షణంలో కంటే, మిత్రుల వైపు తిరిగినప్పుడే వారు ఎక్కువగా నవ్వారు.

మీ కోడలు పెరిగిన ఇంట్లో కౌగిలింత ఆత్మీయతకు గుర్తు కావచ్చు. మీవారు పెరిగిన ఇంట్లో కోడలి ముందు మామగారు నిదానంగా ఉండడమే మర్యాద అయి ఉంటుంది. అంతమాత్రాన పంజాబువారంతా అలా, రాయలసీమవారంతా ఇలా అని గీత గీయకండి. మీ వీధిలోనే గలగలా మాట్లాడే మామగార్లు ఉండే ఉంటారు. మౌనమంతా ప్రేమే అని కూడా నేననను. మాట్లాడకుండా ఉండి ఎదుటివారిని శిక్షించేవారూ ఉన్నారు. అవతలివారి అవసరాన్ని గమనించి, అడగకముందే కదులుతున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఆ తేడా తెలుస్తుంది. మీవారు కదులుతున్నారు.

అయితే ఆ సంగతి కోడలికి తెలియాలి కదా! ‘ఆయన స్వభావమే అంత’ అని సర్దిచెబితే ఆమె బాధ తగ్గదు. పులుపు సంగతి, బండి సంగతి ఆమెకు యథాతథంగా చెప్పండి. మీవారిని కౌగిలించుకోమని బలవంతపెట్టకండి గానీ, ‘నీ ప్రమోషన్ గురించి మా స్నేహితులందరికీ చెప్పాను’ వంటి ఒక్క వాక్యం ఆమెతో నేరుగా అనమనండి. ఆ తరువాత మీరు మధ్యవర్తిగా ఉండకపోవడమే మేలు. ప్రతి మాటా అత్తగారి ద్వారా అందే ఇంట్లో ఆ ఇద్దరికీ చనువు ఏర్పడదు.

ప్రశ్న: తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు వేసుకొని బూతులు తిట్టడం, ఏడాదంతా అణచుకున్న కోపాన్ని కక్కెయ్యడానికేనని మా మిత్రుడు అంటాడు. కోపాన్ని కక్కేస్తే తగ్గుతుందా? (డిగ్రీ విద్యార్థి, చిత్తూరు)

జవాబు: కక్కేస్తే తగ్గుతుందన్న నమ్మకానికి బలం తక్కువ. 2002లో బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన వ్యక్తిని తలచుకుంటూ గుద్దుల సంచిని బాదినవారు, ఏమీ చేయకుండా కూర్చున్నవారికంటే ఎక్కువ కోపంతో మిగిలారు. జాతర విషయం వేరు. పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేషాలు మార్చిందన్న కథను అనుసరించి, మొక్కుకున్నవారు బైరాగి, బండ, దొర వంటి వేషాలు ఏ రోజుది ఆ రోజు కడతారు. ఆ తిట్టు మొక్కులో భాగం. వ్యక్తిగత పగ తీర్చుకోవడం కాదు. మామూలు రోజుల్లో నోటికి రాకూడని మాటకు ఆ కొద్ది రోజులూ ఊరే అనుమతినిస్తుంది. అదే మాట, జాతర జరిగే మే నెల దాటాక బజారులో అంటే ఏమవుతుందో మీ మిత్రుణ్ణి అడగండి.

కోపం ముఖంలో కనిపించకుండా బిగబట్టుకుని మాట్లాడడానికీ మూల్యం ఉంటుంది. 2003లో ఎమిలీ బట్లర్ బృందం చేసిన ప్రయోగంలో, ఒకరు భావాలను దాచుకుని సంభాషిస్తే ఎదుటివారి రక్తపోటు కూడా పెరిగింది. బట్లరే మరికొందరితో కలిసి 2007లో, ఆసియా సంస్కృతి విలువలను పాటించేవారిలో ఈ దాపరికపు దుష్ఫలితాలు తక్కువగా ఉన్నాయని చూపారు. కాబట్టి కేకలు వేయాలా, దిగమింగాలా అన్న రెండు దారుల మధ్యే ఆగిపోకండి. కాసేపు అక్కడి నుంచి తప్పుకొని, వేడి తగ్గాక, ఏ పని మీకు కోపం తెప్పించిందో ఆ ఒక్కదాని గురించే ఆ మనిషితో మాట్లాడండి. కోపం వల్ల నిద్ర పట్టకపోయినా, చెయ్యి చేసుకునే దాకా వచ్చినా, ఉచిత సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.