నాన్నగారి క్లబ్బు మెంబర్‌షిప్ కొడుక్కి వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. బెంగళూరులో స్థిరపడ్డాం. మా నాన్నగారు ఇక్కడి ఓ పాత క్లబ్బులో మెంబర్. నిరుడు కాలం చేశారు. మెంబర్‌షిప్ నా పేరుకు మార్చమంటే కుదరదన్నారు. పైగా ఆయన పాత బిల్లులు నన్ను కట్టమంటున్నారు. క్లబ్బు స్థలం కోట్లు పలుకుతుంది. అందులో నాన్నగారి వాటా మాకు రాదా? (ఓ పాఠకుడు, మల్లేశ్వరం)

జవాబు: నాన్నగారు రోజూ టెన్నిస్ ఆడిన చోట మిమ్మల్ని గేటు దగ్గర ఆపితే మనసు కష్టపెట్టుకోవడం సహజం. కానీ మెంబర్‌షిప్ ఇల్లూ పొలం లాంటి ఆస్తి కాదు. అది ఆయనకూ క్లబ్బుకూ మధ్య ఒప్పందం. ఆయనతోనే అది ముగిసింది. సభ్యుడిపై క్లబ్బుకున్న అధికారానికి మూలం ఆ ఒప్పందమేనని సుప్రీంకోర్టు 1962లోనే, టి.పి. దావర్ కేసులో చెప్పింది.

ఈ క్లబ్బులు పుట్టిందే అలా, కొందరు తమలో తాము చేసుకున్న ఒప్పందంగా. బెంగళూరు క్లబ్బును 1868లో బ్రిటిష్ ఆఫీసర్లు తమ కోసం పెట్టుకున్నారు. అప్పట్లో దాని పేరు యునైటెడ్ సర్వీస్ క్లబ్. మద్రాసు క్లబ్బు 1832 నాటిది. అందులో భారతీయులకు మెంబర్‌షిప్ దొరికేసరికి 1960లు వచ్చాయి. సొంత ఊళ్లో మనవాళ్లు పడిన ఆ అవమానం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1917లో ఇక్కడ సెంచురీ క్లబ్బు పెట్టించారు. తెల్లవాళ్లు వెళ్లిపోయారు గానీ, ఎవరిని చేర్చుకోవాలో సభ్యులే తేల్చుకునే పద్ధతి ఉండిపోయింది. రాజ్యాంగం 19(1)(సి) అధికరణ ఇచ్చిన సంఘ స్వేచ్ఛ దానికి అండ.

ఇక స్థలంలో వాటా. బెంగళూరు క్లబ్బు సంపద పన్ను కేసులో 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సభ్యులు లాభం కోసం కలిసినవాళ్లు కాదు కాబట్టి క్లబ్బుకు ఆ పన్ను పడదంది. అంటే క్లబ్బు వాటాలు పంచుకునే వ్యాపారం కాదు. అది నడుస్తున్నంత కాలం ఏ సభ్యుడూ తన వాటా కోసి ఇమ్మనలేడు. మూతపడితే మిగిలేది ఏం చేయాలో నిబంధనలు చెబుతాయి. పంచినా, ఆ రోజుకు సభ్యులుగా ఉన్నవాళ్లకే. కాబట్టి ఆ ఆశ వదులుకోండి.

బిల్లుల విషయంలో టెన్షన్ వద్దు. నాన్నగారి నుంచి మీకు దక్కిన ఆస్తి మేరకే మీ బాధ్యత. మీ జీతంలోంచి కట్టనక్కర్లేదు. బాకీ వసూలు దావాకు మామూలుగా మూడేళ్లే గడువు. అందుకే తేదీల వారీగా లెక్క రాతపూర్వకంగా అడగండి. పాత బాకీని ఒప్పుకుంటూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, గడువు మళ్లీ మొదలయ్యే ప్రమాదం ఉంది. బెంగళూరు క్లబ్బు 1899 నాటి ఎగవేతదారుల జాబితాలో లెఫ్టినెంట్ చర్చిల్, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన ఆయనే, 13 రూపాయలు బాకీ అని ఉందట. పైన చెప్పిన తీర్పు మొదట్లోనే ఆ సంగతి రాశారు. అది ఇప్పటికీ వసూలు కాలేదు!

నాన్నగారు కట్టిన డిపాజిట్ ఏదైనా తిరిగి ఇచ్చేదైతే, అది మాత్రం వారసులదే. రసీదు వెతకండి. నిబంధనల పుస్తకం కాపీ తీసుకుని రెండు విషయాలు చూడండి: అమ్మగారు ఆయన స్థానంలో కొనసాగే వీలుందా, సభ్యుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉందా. చాలా క్లబ్బుల్లో ఉంటాయి, వయసు పరిమితి, గడువుతో సహా. నిబంధన మీవైపు ఉండీ కాదంటే సిటీ సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. ప్రైవేటు సంస్థ కాబట్టి హైకోర్టులో రిట్ (ముఖ్యంగా ప్రభుత్వ సంస్థలపై వేసే పిటిషన్) సాధారణంగా నిలవదు.