కైనిసియాలజీ ట్రాన్స్‌ఫర్: రెండేళ్ల లెక్క అనాటమీ సీటు దగ్గర మొదలవుతుంది

నమస్తే అండీ. మీ అబ్బాయి ఈ ఏడాది కాలిఫోర్నియాలో హైస్కూల్ పూర్తి చేశాడనీ, ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో కైనిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) చదివి రెండేళ్లకి యూనివర్సిటీకి మారాలనుకుంటున్నాడనీ, చివరికి ఫిజికల్ థెరపిస్ట్ కావాలని ఉందనీ రాశారు. రెండేళ్లలో నిజంగా అవుతుందా, ఏ కోర్సు ముందు, ఏది వెనక అని అడిగారు. నేను ఇదే దారిలో వచ్చాను. ఇప్పుడు ఫిజికల్ థెరపీ డాక్టరేట్ చివరి సంవత్సరంలో ఉన్నాను. కమ్యూనిటీ కాలేజీలో నాకు రెండేళ్లు కాదు, మూడేళ్లు పట్టింది. ఆ ఏడాది ఎక్కడ పోయిందో నాకు బాగా తెలుసు, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను పదిహేడేళ్లప్పుడు తెనాలి నుంచి వచ్చాను. హైస్కూల్ ఆఖరి ఏడాది ఇక్కడ చదివి కాలేజీలో చేరాను. మొదటి సెమిస్టర్‌కి కౌన్సెలర్ పావుగంటలో ప్లాన్ రాసిచ్చారు: ఇంగ్లీషు, ఇంట్రడక్షన్ టు కైనిసియాలజీ, ఫస్ట్ ఎయిడ్, న్యూట్రిషన్, స్విమ్మింగ్. అన్నీ మంచి కోర్సులే, అన్నింట్లోనూ ఏ గ్రేడు వచ్చింది. నవంబర్‌లో రెండో సెమిస్టర్‌కి అనాటమీ తీసుకుందామని కూర్చుంటే, ముందు బయాలజీ పూర్తి చేయాలని సిస్టమ్ ఆపేసింది. సరే అని ఆ సెమిస్టర్‌లో బయాలజీ చేశాను. మూడో సెమిస్టర్‌కి రిజిస్ట్రేషన్ తెరిచేసరికి అనాటమీ సీట్లన్నీ నిండిపోయి, వెయిట్‌లిస్ట్‌లో నాది పదకొండో నంబర్. మొదటిరోజు పొద్దున్నే వెళ్లి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల ఇరవై నాలుగు స్టూళ్లు. రాని వాళ్ల సీట్లు రెండు ఖాళీ అయితే లిస్ట్‌లో మొదటి ఇద్దరికీ ఇచ్చారు. మిగిలిన వాళ్లం బ్యాగులు తగిలించుకుని పార్కింగ్ వైపు నడిచాం. ఇంటికెళ్లి అమ్మకి ఏం చెప్పాలో తెలియక కారులోనే అరగంట కూర్చున్నాను.

ఆ సీటుకి అంత గిరాకీ ఎందుకంటే, అనాటమీ కైనిసియాలజీ వాళ్లకి మాత్రమే కాదు. నర్సింగ్, డెంటల్ హైజీన్, రెస్పిరేటరీ కేర్ ఇలా ఆరోగ్యరంగం వైపు వెళ్లే వాళ్లందరూ అదే తరగతికి వస్తారు. ల్యాబ్ కాబట్టి సీట్లు పెంచడానికి ఉండదు. పైగా చాలా కాలేజీల్లో ఫిజియాలజీలో చేరాలంటే ముందు అనాటమీ, కొన్నిచోట్ల కెమిస్ట్రీ కూడా అయి ఉండాలి. అంటే బయాలజీ, అనాటమీ, ఫిజియాలజీ ఒకదాని వెనక ఒకటి మూడు సెమిస్టర్లు. ఈ గొలుసు మొదటి సెమిస్టర్‌లో మొదలవకపోతే రెండేళ్ల ప్లాన్ అప్పుడే తప్పినట్టు. కాబట్టి మీరు ముందుగా చేయాల్సింది, అతని కాలేజీ కేటలాగ్‌లో అనాటమీ పేజీ తెరిచి కింద రాసిన ప్రీరిక్విజిట్ (ముందుగా పూర్తి చేయాల్సిన కోర్సు) ఏమిటో చూడటం. అది బయాలజీ అయినా, కెమిస్ట్రీ అయినా, మొదటి సెమిస్టర్‌లోనే పడాలి. ఓరియెంటేషన్ పూర్తి చేసి, ఎడ్యుకేషన్ ప్లాన్ ఫైల్‌లో పెట్టించుకుంటే రిజిస్ట్రేషన్‌లో ముందు తేదీ వస్తుంది. బద్ధకించకుండా ఈ వేసవిలోనే ఆ పని ముగించమనండి.

ఇక డిగ్రీ సంగతి. మీకు కావాల్సింది మామూలు అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) కాదు, 'అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్', కైనిసియాలజీలో దాన్ని ఏఏ-టీ అంటారు. 2010లో వచ్చిన చట్టంతో మొదలైంది. 60 సెమిస్టర్ యూనిట్లతో (యూనిట్ అంటే క్రెడిట్) ఇది పూర్తి చేసిన వాళ్లకి కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు గ్యారంటీ, అక్కడ మరో 60 యూనిట్లతో బ్యాచిలర్స్ పూర్తవుతుంది. 'ఏదో ఒక' అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. శాన్ డియెగో స్టేట్, లాంగ్ బీచ్ లాంటి చోట్ల దరఖాస్తులు సీట్లకన్నా ఎక్కువ, అక్కడ జీపీఏతో పోటీ పడాల్సిందే. పైగా కైనిసియాలజీలో ఒక్కో క్యాంపస్‌లో ఒక్కో ఆప్షన్ ఉంటుంది. మీకు నచ్చిన క్యాంపస్‌లో నచ్చిన ఆప్షన్‌కి ఈ డిగ్రీ వర్తిస్తుందో లేదో కాల్ స్టేట్ వాళ్ల జాబితాలో చూసుకోండి.

ఏఏ-టీలో ఉండేది ఇంతే: ఇంట్రడక్షన్ కోర్సు, అనాటమీ, ఫిజియాలజీ, ఈత, డాన్స్, ఫిట్‌నెస్, టీమ్ స్పోర్ట్స్ లాంటి విభాగాల్లో మూడు వేర్వేరు వాటి నుంచి ఒక్కొక్క యాక్టివిటీ తరగతి, ఆపైన స్టాటిస్టిక్స్, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఫస్ట్ ఎయిడ్‌లలో రెండు. యాక్టివిటీ తరగతులు సరదాగా ఉంటాయని పిల్లలు నాలుగైదు పెట్టేసుకుంటారు. మూడు చాలు.

దీంతో పాటు జనరల్ ఎడ్యుకేషన్ ఉంటుంది, అంటే ఏ మేజర్ వాళ్లయినా చదవాల్సిన కోర్సులు. నా రోజుల్లో ఆ కోర్సుల జాబితాని ఐగెట్‌సీ (IGETC) అనేవాళ్లం. 2025 ఫాల్ సెమిస్టర్ నుంచి దాని స్థానంలో కాల్-గెట్‌సీ (Cal-GETC) వచ్చింది, 34 యూనిట్లు, ప్రతి కోర్సులోనూ కనీసం సీ గ్రేడు రావాలి. ఇక్కడే ఒక లాభం ఉంది. ఏఏ-టీలో చివర చెప్పిన ఆ రెండు కోర్సులకి స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ ఎంచుకుంటే, స్టాటిస్టిక్స్ అటు లెక్కల విభాగానికీ పనికొస్తుంది, కెమిస్ట్రీ అటు ఫిజికల్ సైన్స్‌కీ పనికొస్తుంది. అనాటమీ ల్యాబ్‌తో బయలాజికల్ సైన్స్ కూడా తీరిపోతుంది. నేను ఫస్ట్ ఎయిడ్ తీసుకుని ఆ అవకాశం వదులుకున్నాను. ఇంకో సంగతి: పాత కాల్ స్టేట్ పద్ధతిలో న్యూట్రిషన్, హెల్త్ లాంటి కోర్సులకి విడిగా ఒక విభాగం ఉండేది, ఇప్పుడు దాన్ని తీసేశారు. నాలుగేళ్ల కిందట చదివిన కజిన్ ఎవరైనా 'న్యూట్రిషన్ తీసుకో, జనరల్ ఎడ్యుకేషన్‌కి వస్తుంది' అని చెబితే ఆ మాట పట్టుకుని వెళ్లొద్దు.

యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) గురించి కూడా అడిగారు. అక్కడ కైనిసియాలజీ అన్న పేరుతో మేజర్ కోసం వెతికితే నిరాశే. యూసీఎల్ఏలో దగ్గరగా ఉండేది ఫిజియలాజికల్ సైన్స్. దానికి కెమిస్ట్రీ, లైఫ్ సైన్స్, ఫిజిక్స్, లెక్కలు చాలా బరువుగా ఉంటాయి, ఏఏ-టీ కోర్సులు ఏమాత్రం సరిపోవు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని నా సలహా. మొదటి ఏడాదిలోనే ఏదో ఒకటి తేల్చుకోండి. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు కొడితే కనిపిస్తుంది. ప్రతి సెమిస్టర్‌కీ ముందు ఒకసారి చూసి, ఆ పేజీ సేవ్ చేసి పెట్టుకోమనండి. కాల్ స్టేట్ దరఖాస్తులు అక్టోబర్ 1న తెరుస్తారు. రెండేళ్ల ప్లాన్‌లో అది మూడో సెమిస్టర్ మధ్యలో వస్తుంది, కాబట్టి యూనివర్సిటీ చూసే గ్రేడ్లు ప్రధానంగా మొదటి ఏడాదివే.

మీ అబ్బాయి ఫిజికల్ థెరపిస్ట్ కావాలంటున్నాడు కాబట్టి ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. ఇండియాలో మా పిన్ని కూతురు ఇంటర్ బైపీసీ అయ్యాక నేరుగా బీపీటీలో (ఫిజియోథెరపీ బ్యాచిలర్స్) చేరింది, డిగ్రీ చేతికి రాగానే ఫిజియోథెరపిస్ట్. ఇక్కడ కైనిసియాలజీ డిగ్రీతో ఆ లైసెన్స్ రాదు. బ్యాచిలర్స్ తర్వాత దాదాపు మూడేళ్ల డీపీటీ, అంటే ఫిజికల్ థెరపీ డాక్టరేట్ చేయాలి. అథ్లెటిక్ ట్రైనర్ కావాలన్నా ఇప్పుడు మాస్టర్స్ చేయాల్సిందే. ఈ విషయం ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, నాలుగో ఏడాది చివర 'ఇంకా చదువా' అన్న ప్రశ్న రాకుండా.

డీపీటీ కాలేజీలు సాధారణంగా రెండు సెమిస్టర్ల కెమిస్ట్రీ, రెండు సెమిస్టర్ల ఫిజిక్స్, బయాలజీ, అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ అడుగుతాయి. ఏఏ-టీలో ఫిజిక్స్ ఒక్కటి కూడా లేకుండా డిగ్రీ పూర్తి చేయొచ్చు, నేను అలాగే చేశాను. లెక్కల కింద స్టాటిస్టిక్స్ ఒక్కటే తీసుకున్నాను. యూనివర్సిటీకి వెళ్లాక ఫిజిక్స్‌లో చేరబోతే త్రికోణమితి అయి ఉండాలన్నారు. మూడో ఏడాదిలో బయోమెకానిక్స్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ చదువుతూ, వాటి మధ్యలో త్రికోణమితి, దాని వెనక ఫిజిక్స్. అవే కోర్సులు కమ్యూనిటీ కాలేజీలో ఉండగానే చేసి ఉంటే ఖర్చు తక్కువ: రాష్ట్ర నివాసులకి యూనిట్ 46 డాలర్లు. మొత్తం 60 యూనిట్లకీ 2,760 డాలర్లు. మీ అబ్బాయి త్రికోణమితి హైస్కూల్లో చేసి ఉంటే అదృష్టం, లేకపోతే మొదటి వేసవిలో చేయించండి. కాల్ స్టేట్ కమ్యూనిటీ కాలేజీ నుంచి 70 యూనిట్ల వరకే లెక్కలోకి తీసుకుంటుంది. అది దాటినా, ఆ కోర్సు చేసినట్టే చూస్తారు, యూనిట్లు మాత్రం కలవవు. అందుకని అదనంగా ఒక ఫిజిక్స్ చేయడానికి భయపడక్కర్లేదు.

సైన్స్ కోర్సుల్లో తొందరపడి మూడు ల్యాబులు ఒకే సెమిస్టర్‌లో పెట్టించకండి. సీ వచ్చిన కోర్సుని కమ్యూనిటీ కాలేజీలో గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ చేయనివ్వరు. సీ కన్నా తక్కువ వచ్చి మళ్లీ చేసినా, డీపీటీ దరఖాస్తులో పాత గ్రేడూ కొత్త గ్రేడూ రెండూ లెక్కవేస్తారు. అనాటమీ ఉన్న సెమిస్టర్‌లో ఇంకో ల్యాబ్ లేకుండా చూసుకోవడం మంచిది. మా లైబ్రరీలో ఎముకల పెట్టె ఉండేది, రెండు గంటలకి మాత్రమే ఇచ్చేవాళ్లు. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు ఒక్కొక్కటీ కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి పేరు చెప్పడం నేర్చుకున్నాను. చిక్కుడు గింజంత పిసిఫామ్‌ని గుర్తుపట్టిన రోజు ఎంత సంతోషం వేసిందో. దానికి టైమ్ కావాలి, వారానికి నాలుగైదు సార్లు వెళ్లాలి. ఉద్యోగం చేస్తూ ఉంటే ఆ సెమిస్టర్‌కి గంటలు తగ్గించుకోమనండి.

పని చేయాలనుకుంటే మాత్రం ఏదైనా ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో ఎయిడ్‌గా (సహాయకుడిగా) చేరే వీలుందేమో చూడమనండి. చాలా డీపీటీ కాలేజీలు అబ్జర్వేషన్ గంటలు (థెరపిస్ట్ పని దగ్గరుండి చూసిన గంటలు) అడుగుతాయి, అంతకన్నా ముఖ్యంగా ఈ పని తనకి పడుతుందో లేదో తెలుస్తుంది. నేను రెండో ఏడాదిలో వాలంటీర్‌గా చేరాను. మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని కాలు చాపుతుంటే, థెరపిస్ట్ ఇసుక బరువుని చీలమండ నుంచి తీసి మోకాలికి కాస్త కింద కట్టింది. బరువు అదే, ఆయన కాలు మాత్రం సులువుగా లేచింది. తర్వాత ఫిజిక్స్‌లో టార్క్ (తిప్పే బలం) చదివినప్పుడు నాకు కనిపించింది ఆయన మోకాలే.

వీసా సంగతి మీరు రాయలేదు గానీ మన వాళ్లలో చాలామందికి ఉన్నదే కాబట్టి చెబుతున్నాను. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు కాలిఫోర్నియా నివాసిగా తక్కువ ఫీజు పొందొచ్చు, ఫెడరల్ సాయం మాత్రం రాదు. 21 నిండేసరికి గ్రీన్ కార్డ్ రాకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాల్సి వస్తుంది, అప్పుడు ఫీజు లెక్క మారిపోవచ్చు. ట్రాన్స్‌ఫర్ అయ్యే ఏడాది, ఈ వయసు, రెండూ దాదాపు ఒకే చోట కలుస్తాయి. ఒక ఏడాది ఆలస్యం కావడం మా ఇంట్లో ఎందుకంత టెన్షన్ పెట్టిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మీది అదే పరిస్థితి అయితే యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

అతను హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) స్టాటిస్టిక్స్ గానీ, ఏపీ బయాలజీ గానీ రాశాడా, ఎన్ని పాయింట్లు వచ్చాయి, కాలేజీ ఏది, అనాటమీకి అక్కడ ఏం అడుగుతున్నారో కింద రాయండి. మొదటి రెండు సెమిస్టర్లు నేను వరుసగా రాసి పెడతాను. ఫాల్ రిజిస్ట్రేషన్ ఇంకా చేయకపోతే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా బయాలజీ సీటు (అతని కాలేజీ అనాటమీకి ముందు కెమిస్ట్రీ అడిగితే ఆ సీటు) ఇవాళే పట్టించండి.