షిన్‌చాన్ ఊరికి వెళ్లండి, ఫుజి ఎక్కడికీ పోదు

టోక్యో ట్రిప్‌లో ఒక రోజు మిగిలింది, దగ్గర్లో ఏ ఊరు చూడొచ్చని ఒకరు అడిగారు. ఫుజి, కమకురా, నిక్కో అని ఎవరైనా చెబుతారు. నన్నడిగితే కసుకాబే వెళ్లండి.

టోక్యోకి ఉత్తరాన, సైతామా ప్రాంతంలో, తోబు రైలు దారిలో ఉంటుంది. మన పిల్లలు తెలుగులో చూసే కార్టూన్‌లోని షిన్‌చాన్ ఊరు ఇదే. ఇంటి లోన్ కడుతూ రోజూ రైల్లో ఆఫీసుకెళ్లే షిన్‌చాన్ నాన్నలాంటి వాళ్లు ఇక్కడ వీధికి పదిమంది. పగటిపూట వెళ్తే పెద్దవాళ్లు, సైకిల్ మీద ముందొకణ్ని వెనకొకణ్ని కూర్చోబెట్టుకుని తొక్కే తల్లులు కనిపిస్తారు. టోక్యోలో జనంతో కిటకిటలాడే షిబుయా క్రాసింగ్‌లో రీల్ తీసుకుని జపాన్ చూసేశాం అనేవాళ్లకి నాదొక దండం. అక్కడ రోడ్డు దాటే జనం రాత్రికి చేరేది ఇలాంటి ఊళ్లకే.

మేం ఉండేది టోక్యోలోని నిషి కసాయ్‌లో. వేసవిలో విజయవాడ నుంచి అక్కావాళ్లు వస్తే ఫుజి మానిపించి మరీ కసుకాబే తీసుకెళ్లాను. మేనల్లుడికి షిన్‌చాన్ అని ఆశపెట్టాను. ఇరిగేషన్‌లో పనిచేసే బావగారికి మాత్రం అసలు సంగతి చెప్పాను: ఊరి చివర, 'ఎదో' అనే నది పక్కన, భూమిలో వరద నీటి సొరంగం ఉంది. 1993లో మొదలుపెట్టి 2006లో పూర్తిచేశారు. 6.3 కిలోమీటర్లు.

పైన చూస్తే గడ్డి మైదానం. పక్కన చిన్న గది, తలుపు తీస్తే వందకు పైగా మెట్లు. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. కిందకి దిగితే 177 మీటర్ల పొడవు, 78 మీటర్ల వెడల్పు ట్యాంకు, అందులో 59 స్తంభాలు. ఒక్కోటీ 500 టన్నులు. పైన చెమటలు కారిపోతుంటే లోపల చలి. నేల మీద ఎండిన ఒండ్రు.

బావగారు స్తంభాన్ని అరచేత్తో తట్టి, "పైకప్పు మోయడానికి ఇంత లావు అక్కర్లేదే, కనుక్కో" అన్నారు. గైడ్‌ని అడిగాను. చుట్టూ ఉన్న భూగర్భజలం ట్యాంకుని పైకి నెడుతుందట, అది తేలకుండా ఉండడానికే ఈ బరువంతా. బావగారి మొహం వెలిగిపోయింది. చిన్న నదులు పొంగితే నీళ్లు బావుల్లాంటి షాఫ్టుల్లో పడి, సొరంగంలోంచి ఇక్కడికి వస్తాయి. ఇక్కణ్నుంచి పంపులతో ఎదో నదిలోకి తోడేస్తారు, సెకనుకి 200 ఘనపు మీటర్ల దాకా.

"ఏడు వేల క్యూసెక్కులేనా? ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇది లెక్కలోకే రాదు" అన్నారు బావగారు. నాలుగడుగులు వేశాక ఆయనే మళ్లీ, "మనకి వరదంటే కృష్ణా, గోదావరే బావా. ఇళ్లలోకొచ్చే బుడమేరు వాగు నీళ్లకి ఎవడూ ఇంత తవ్వడు" అన్నారు.

నా గోలా అదే. కసుకాబే చుట్టూ పల్లం, గిన్నెలాంటి నేల, వానొస్తే నీళ్లు పోయే దారి లేదు. పొలాలు పోయి ఇళ్లొచ్చాక ఇంకా కష్టమైంది. ఇళ్లు కట్టనిచ్చినవాళ్లు కింద ఇదీ కట్టారు. మన దగ్గర చెరువులో లేఅవుట్ వేసి, పేరుకి 'లేక్ వ్యూ' అని తగిలిస్తారు. ఏడాదికి ఏడెనిమిదిసార్లు వాడేదానికి ఇంత ఖర్చా అనేవాళ్లు, ఒకసారి మోకాలి లోతు నీళ్లలో ఫ్రిజ్ ఎత్తి మంచం మీద పెట్టి చూడండి.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. గైడ్ చెప్పేదంతా జపనీస్, ఫోన్‌లో అనువాదం యాప్ ఉంచుకోండి. మినామి సకురాయ్ స్టేషన్ నుంచి ఎండలో నడవకండి, టాక్సీ ఎక్కండి. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లడమే. సాయంత్రం వెనక్కి వచ్చే రైల్లో హాయిగా సీటు దొరుకుతుంది, అప్పుడు కిక్కిరిసేవి టోక్యో నుంచి ఎదురొచ్చే రైళ్లు.